విమానం ఎక్కించే ముందు మందు సంగతి చెప్పండి

జపాన్‌లో చదువులకు, ఉద్యోగాలకు మన తెలుగు రాష్ట్రాల నుంచి యువతను పంపుతున్న ఏజెన్సీలు, జపనీస్ భాషా శిక్షణ కేంద్రాలు, స్టూడెంట్ కన్సల్టెన్సీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. హిరగానా అంటే ఏమిటో తెలియని పిల్లల్ని కొన్ని నెలల్లో ఎన్4 అనే ప్రాథమిక స్థాయి జపనీస్ పరీక్షకు కూర్చోబెట్టడం మాటలు కాదు. ఆ పని మీరు బాగానే చేస్తున్నారు. ఈ ఉత్తరం మీరు చెబుతున్న పాఠాల గురించి కాదు, చెప్పకుండా వదిలేస్తున్న ఒక పాఠం గురించి.

ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో ఏ చెత్త ఏ రోజు బయట పెట్టాలో చెబుతున్నారు. ఎవరి ముందు ఎంత వంగాలో చెబుతున్నారు. మందు దగ్గరికి వచ్చేసరికి ‘తాగకండి’ అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నారు. కొన్నిచోట్ల ఆ మాటా లేదు. ఈ అంశానికి రెండు గంటలు కేటాయించండని మీలో కొందరికి ఇంతకుముందే రాశాం. ఎక్కువమంది జవాబు ఇవ్వలేదు. వచ్చిన ఒకటి రెండు జవాబుల సారం ఇదీ: ‘మా పిల్లలు తాగరండీ.’ అందుకే ఇప్పుడు ఆ పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ చదివేలా నలుగురిలో పెడుతున్నాం.

తాగరన్న మాటే నిజమనుకుందాం. తాగనివాళ్లూ రాత్రి పదకొండున్నరకు రైలెక్కుతారు. కన్వీనియన్స్ స్టోర్లో నైట్ షిఫ్ట్ చేస్తారు. డిసెంబర్‌లో ఆఫీసువాళ్లు పిలిస్తే బోనెన్‌కాయ్ అనే ఏడాది చివరి పార్టీకి వెళతారు. పక్క గదిలో ఎవరైనా స్పృహ తప్పితే జనం తట్టేది వీళ్ల తలుపే.

జపాన్ భద్రమైన దేశమని మీరు చెప్పేది నిజం. చిక్కల్లా ఆ భద్రత కొత్తవాడి కంటికి కనిపించే తీరులో ఉంది. శుక్రవారం రాత్రి టోక్యోలో ఏ పెద్ద స్టేషన్‌కి వెళ్లినా, నల్ల సూటు, వదులైన టై, బ్యాగు తల కింద పెట్టుకుని మెట్ల పక్కన నిద్రపోయే పెద్దమనిషి కనిపిస్తాడు. బూట్లు విప్పి, ఇంటి గుమ్మం దగ్గర పెట్టినట్టు జత కలిపి పక్కన పెట్టుకుంటాడు కూడా. స్టేషన్ ఉద్యోగి వచ్చి వంగి ‘ఓక్యకుసామా’ అని నాలుగుసార్లు పిలిచి, భుజం తట్టి లేపుతాడు. కేకలుండవు, లాఠీ ఉండదు. మన కుర్రాడు వెళ్లిన మొదటి నెలలోనే ఇది చూసి, ఇక్కడ తాగి పడిపోయినా ఎవరూ ఏమీ అనరని లెక్క కట్టేస్తాడు. ఆ లెక్క తప్పు. పెద్దమనిషికి పోతే పర్సు పోతుంది. మనవాడికి ఆ పర్సులోని రెసిడెన్స్ కార్డు, అంటే అక్కడ ఉండే విదేశీయుల గుర్తింపు కార్డు పోతుంది, గొడవైతే వీసాయే పోతుంది.

జపాన్‌లో భారతీయులు ఇప్పటికే 50 వేలు దాటారు. ఐదేళ్లలో రెండు దేశాల మధ్య 5 లక్షల మంది రాకపోకలు సాగించాలని, అందులో 50 వేల మంది నైపుణ్యం ఉన్నవాళ్లు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లాలని 2025 ఆగస్టులో రెండు ప్రభుత్వాలు ప్రకటించాయి. మీ బ్యాచ్‌లు ఇంకా పెరుగుతాయి. కాబట్టి ఏం చెప్పాలో వివరంగానే రాస్తున్నాం.

1. ‘హోగో’, ‘తైహో’ అనే రెండు మాటలు

జపాన్‌లో తాగి ఉండటం నేరం కాదు. మహిళా పార్లమెంటు సభ్యుల చొరవతో 1961లో వచ్చిన చట్టం ఒకటుంది. తాగి నలుగురికీ ఇబ్బందిగా, తనకు తాను ప్రమాదంగా మారిన మనిషిని పోలీసులు సురక్షితమైన చోటికి చేర్చాలని అది చెబుతుంది. దీన్ని ‘హోగో’ అంటారు, కాపాడటం అని అర్థం. గడువు 24 గంటలు. మత్తు దిగితే ఇంటికి పంపేస్తారు.

‘తైహో’ అంటే అరెస్టు. పోలీసులు 48 గంటల్లో ప్రాసిక్యూటర్‌కు అప్పగించాలి. ఆయన 24 గంటల్లో జడ్జిని కస్టడీ అడగాలి. జడ్జి 10 రోజులు ఇవ్వొచ్చు, ఇంకో 10 పొడిగించొచ్చు. కలిపితే 23 రోజులు, ఇంకా చార్జిషీటు కూడా లేకుండానే. లోపల ఫోన్ ఉండదు. విచారణ గదిలో లాయరు పక్కన కూర్చునే పద్ధతి లేదు. బయట ఆఫీసువాళ్లకు తెలిసేది ఒకటే, మనిషి చెప్పకుండా మానేశాడని.

ఏది జరుగుతోందో తెలియక పిల్లలు రెండు రకాలుగానూ తప్పు చేస్తారు. హోగోలో ఉన్నవాడు అరెస్టు చేశారనుకుని పెనుగులాడతాడు. పోలీసును తోస్తే అదే అరెస్టుకు దారి తీస్తుంది. నిజంగా అరెస్టైనవాడేమో పొద్దున్నే వదిలేస్తారులే అని ఏ కాగితం ఇచ్చినా సంతకం పెడతాడు. ‘హోగో దెస్ కా, తైహో దెస్ కా’ అని అడగడం నేర్పండి. తైహో అంటే వెంటనే మూడు అడగాలి: ఇంటర్‌ప్రెటర్, భారత రాయబార కార్యాలయానికి కబురు, ‘తోబన్ బెంగోషి’. ఈ మూడోది బార్ అసోసియేషన్ పంపే లాయరు, మొదటి భేటీకి ఫీజు ఉండదు.

ఇంటర్‌ప్రెటర్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. జపనీస్ అసలు రానివాడికంటే కొద్దిగా వచ్చినవాడికే ఇక్కడ ముప్పు ఎక్కువ. నేర్చుకున్నది చూపించుకోవాలని ఎన్4 జపనీస్‌లో వాంగ్మూలం ఇవ్వబోతాడు. ‘నెట్టాను’, ‘తగిలింది’ అన్న మాటల మధ్య తేడా మీద కేసు నిలబడే చోట ఆ జపనీస్ చాలదు. రాసింది తన భాషలో చదివి వినిపించేదాకా సంతకం పెట్టకూడదు.

2. చొక్కా పట్టుకుంటే కేసే

మన ఊళ్లో బస్టాండ్ దగ్గర ఇద్దరు చొక్కాలు పట్టుకుంటే నలుగురు విడదీసి, చెరో టీ తాగించి పంపేస్తారు. జపాన్‌లో చొక్కా పట్టుకోవడమే దాడి. గాయం కానక్కర్లేదు. రెండేళ్ల దాకా జైలు లేదా 3 లక్షల యెన్ల దాకా జరిమానా పడొచ్చు. గాయమైతే జైలు 15 ఏళ్ల దాకా వెళుతుంది.

అసలు దెబ్బ ఇమిగ్రేషన్ దగ్గర తగులుతుంది. ఉద్యోగ, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్లకు దాడి, దొంగతనం, ఇంట్లో చొరబడటం లాంటి కొన్ని నేరాల్లో జైలు శిక్ష పడితే, ఆ శిక్ష సస్పెండ్ అయినా సరే దేశం నుంచి పంపేయడానికి చట్టంలో వీలుంది. ‘సస్పెండ్ అయింది కదా, బయటపడ్డాం’ అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. చొరబడటం అంటే దొంగలకే అనుకోకండి. అక్కడి అపార్ట్‌మెంట్లలో అన్ని అంతస్తుల తలుపులూ ఒకేలా ఉంటాయి. మత్తులో అంతస్తు తప్పి ఎవరి తలుపో లాగి, అది తెరుచుకుంటే లోపలికి నడిచి పడుకోవడం వినడానికి నవ్వొస్తుంది. ఆ ఇంట్లో ఒంటరిగా ఉన్నావిడ పోలీసుల నంబరు 110కి ఫోన్ చేసేటప్పుడు నవ్వదు.

ఇక రెసిడెన్స్ కార్డు. 16 ఏళ్లు నిండినవాళ్లు దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి, లేకపోతే 2 లక్షల యెన్ల దాకా జరిమానా. పోతే, పోయిందని తెలిసిన రోజు నుంచి 14 రోజుల్లో కొత్తదానికి ఇమిగ్రేషన్ ఆఫీసులో దరఖాస్తు చేయాలి. ముందుగా దగ్గరలోని కోబన్‌లో, అంటే వీధి పోలీసు చౌకీలో, వస్తువు పోయినట్టు రాయించి రసీదు నంబరు తీసుకోవాలి. రైళ్లలో, బెంచీల మీద తాగి నిద్రపోయేవాళ్ల జేబులు కొట్టడమే పనిగా పెట్టుకున్న దొంగలున్నారు. సాయం చేస్తున్నట్టు చేయి పట్టుకుని లేపే దొంగకు జపనీస్‌లో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది: ‘కైహో దొరోబో’, సపర్యలు చేసే దొంగ.

3. సైకిల్

అన్నిటికంటే ఎక్కువగా చెప్పాల్సిందీ, ఎవరూ చెప్పనిదీ ఇదే. వెళ్లినవాళ్లు మొదటి వారంలో కొనేది సైకిల్. మన దగ్గర తాగి బండి నడిపితే తప్పని తెలిసినవాడికి కూడా సైకిల్ బండి కిందికి వస్తుందని తట్టదు.

2024 నవంబర్ 1 నుంచి జపాన్‌లో ఊపిరి లీటరుకు 0.15 మిల్లీగ్రాముల ఆల్కహాల్ కనిపిస్తే చాలు, సైకిల్ తొక్కినవాడికి మూడేళ్ల దాకా జైలు లేదా 5 లక్షల యెన్ల దాకా జరిమానా. తూలేంత తాగి తొక్కితే ఐదేళ్లు లేదా 10 లక్షలు. తాగినవాడికి తన సైకిల్ ఇచ్చినవాడికీ మూడేళ్లు, 5 లక్షల దాకా శిక్ష ఉంది. సైకిల్ మీద వచ్చాడని తెలిసి మందు పోసినవాడికి రెండేళ్లు, 3 లక్షల దాకా. హాస్టల్లో ఒక సైకిల్‌ను నలుగురు వాడుకునే మన పద్ధతిలో ఆ నలుగురూ ఇరుక్కోవచ్చు. అద్దెకు దొరికే ఎలక్ట్రిక్ కిక్‌బోర్డుకు లైసెన్స్ అక్కర్లేదు గానీ, తాగి నడిపితే దానికీ శిక్ష తప్పదు.

లెక్క నేర్పండి, పదో తరగతి లెక్కే. డబ్బాలోని మిల్లీలీటర్లను శాతంతో గుణించి, మళ్లీ 0.8తో గుణిస్తే అందులోని ఆల్కహాల్ గ్రాముల్లో వస్తుంది. 5 శాతం బీరు 500 మిల్లీలీటర్లు అంటే 20 గ్రాములు. 9 శాతం చూహాయ్, అంటే పళ్ల రుచితో వచ్చే డబ్బా మందు, 500 మిల్లీలీటర్లు అంటే 36 గ్రాములు. ఒళ్లు దాన్ని గంటకు సుమారు 5 గ్రాముల చొప్పున కరిగిస్తుంది, ఆడవాళ్లలో 4 గ్రాములు. అంటే ఒక్క చూహాయ్ డబ్బాకు మగవాడికి ఏడు గంటలు దాటుతుంది, ఆడమనిషికి తొమ్మిది. రాత్రి ఒంటిగంటకు డబ్బా కింద పెట్టి, పడుకుని, పొద్దున ఏడున్నరకు సైకిలెక్కి షిఫ్టుకు వెళ్లేవాడు మత్తులో లేనట్టే ఉంటాడు. ఊపిరిలో మాత్రం ఉండొచ్చు. చన్నీళ్ల స్నానం, కాఫీ, నిద్ర ఆ లెక్కను ఒక్క నిమిషం కూడా తగ్గించవు.

ఈ చూహాయ్ డబ్బాల గురించి విడిగా చెప్పాలి. నిమ్మకాయో ద్రాక్షపళ్లో బొమ్మ వేసి, మెరిసిపోతూ, కూల్‌డ్రింకులకు నాలుగడుగుల దూరంలో ఉంటాయి. రెండు వందల యెన్ల చుట్టుపక్కల ధర. తీపిలో మందు వాసన తెలియదు. కొందరు కూల్‌డ్రింక్ అనుకునే కొంటారు. డబ్బా మీద ‘ఓసాకే’, అంటే మద్యం అని ఉంటుంది, శాతం అంకె ఉంటుంది. ఆ రెండూ ఎక్కడ చూడాలో క్లాసులో ఒక ఖాళీ డబ్బా పెట్టి చూపిస్తే ఐదు నిమిషాల పని.

తాగినవాడు సైకిల్ దిగి నడిపించుకుంటూ పోతే తప్పు లేదు. అక్కడే వదిలేసి మర్నాడు తెచ్చుకోవడం ఇంకా మంచిది.

4. చివరి రైలు, ప్లాట్‌ఫాం అంచు

టోక్యోలో రైళ్లు అర్ధరాత్రి దాటాక, ఒంటిగంటలోపు ఆగిపోతాయి. మళ్లీ నాలుగున్నర, ఐదు మధ్య మొదలవుతాయి. చివరి రైలును ‘షూదెన్’ అంటారు. అది తప్పితే టాక్సీకి రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా 20 శాతం అదనం. జీతం చేతికి రాని కొత్తవాడు ఆ ఖర్చుకు జంకి వీధిలోనే తెల్లారబెడతాడు. అందుకని పర్సులో కాకుండా ఫోన్ కవరులో ఒక 10 వేల యెన్ల నోటు పెట్టుకోమనండి. ఇంటికి వెళ్లే దారిలోని షూదెన్ వేళ ముందే చూసుకోమనండి. రైలు మారాల్సి ఉంటే రెండోదాని వేళ కూడా చూడాలి, చాలామంది తప్పేది అక్కడే.

ప్లాట్‌ఫాం మీద నుంచి పట్టాల మీద పడేవాళ్లలో, రైలుకు తగిలేవాళ్లలో సగానికి పైగా తాగినవాళ్లే. వాళ్లు తూలుతూ అంచు వెంట నడిచి పడతారని మనం అనుకుంటాం. పశ్చిమ జపాన్ రైల్వే కంపెనీ కెమెరాల్లో దొరికిన 136 ఘటనలు పరిశీలిస్తే ఎక్కువమంది తీరు వేరేగా కనిపించింది. బెంచీ మీద కదలకుండా కూర్చుని, ఉన్నట్టుండి లేచి, తిన్నగా నాలుగైదు అడుగులు వేసి పడిపోయారు. అందుకే ఆ కంపెనీ 2015 నుంచి బెంచీలను పట్టాలకు ఎదురుగా కాకుండా అడ్డంగా తిప్పి వేయడం మొదలుపెట్టింది. ఆ బెంచీ మీద కూర్చునే ప్రతివాడికీ ఇందులో పాఠముంది. పక్కన తాగినవాడు కూర్చుని ఉంటే అతనికీ అంచుకూ మధ్యలో నిలబడకూడదు.

ఇంకో సంగతి, ఇది విదేశీ విద్యార్థులకు మరీ ముఖ్యం. 2001 జనవరి 26న టోక్యోలోని షిన్-ఓకుబో స్టేషన్లో తాగిన వ్యక్తి పట్టాల మీద పడ్డాడు. కాపాడటానికి కొరియా విద్యార్థి లీ సూ-హ్యోన్, జపాన్ ఫోటోగ్రాఫర్ సెకినె షిరో కిందికి దూకారు. ముగ్గురూ చనిపోయారు. లీ వయసు 26. స్టేషన్లో వాళ్ల పేరిట ఫలకం ఉంది. మన పిల్లలూ దూకే రకమే, మనకు తెలుసు. అందుకే ఎర్ర బొత్తం గురించి చెప్పండి. ప్లాట్‌ఫాం స్తంభాల మీద అత్యవసర బొత్తం ఉంటుంది. ఎవరైనా పడితే మొదట అది నొక్కాలి, వచ్చే రైళ్లకు ఆగమన్న సంకేతం వెళుతుంది. నిజమైన ఆపదలో నొక్కితే ఎవరూ జరిమానా వేయరు. ఆ భయంతోనే విదేశీయులు వెనకాడతారు. తర్వాత స్టేషన్ ఉద్యోగిని పిలవాలి. కిందికి మాత్రం దిగకూడదు.

5. వీధిలో పిలిచేవాళ్లు

టోక్యోలో కబుకిచో, రొప్పొంగి, ఉఎనో లాంటి చోట్ల రాత్రిపూట పక్కకు వచ్చి ‘గంటకు 3 వేల యెన్లు, ఎంతైనా తాగొచ్చు’ అనేవాళ్లను ‘క్యాకుహికి’ అంటారు. చట్టం ఒప్పుకోని పని. వెంట వెళ్తే సీటు చార్జీ, పక్కన కూర్చున్న అమ్మాయి తాగిన గ్లాసులు, సర్వీసు కలిపి లక్ష యెన్లు దాటే బిల్లు వస్తుంది. దీని పేరు ‘బొత్తకురి’. డేటింగ్ యాప్‌లో పరిచయమైన వ్యక్తి ‘నాకు తెలిసిన బారుంది’ అని తీసుకెళ్లడం కూడా ఇందులో ఒక పద్ధతి. గ్లాసులో మత్తుమందు కలిపి, ఒళ్లు తెలియని స్థితిలో కార్డు గీకించే ఘటనల గురించి టోక్యోలోని అమెరికా రాయబార కార్యాలయం తన పౌరులను పదేపదే హెచ్చరిస్తూ వచ్చింది.

ఇరుక్కుంటే కార్డు ఇవ్వొద్దు, ఏటీఎంకి వెంట వెళ్లొద్దు, అరవొద్దు, చేయి చేసుకోవద్దు. ‘కోబన్ దే హనషిమషో’, అంటే చౌకీలో మాట్లాడుకుందాం అని చెప్పి బయటికి నడవాలి. పోలీసులు బిల్లు తగ్గించరు, అది మీకూ వాళ్లకూ మధ్య డబ్బు తగాదా అంటారు. అయినా చౌకీ ముందు బెదిరింపులు ఉండవు, అదే కావాల్సింది. బాగున్న ఇజకాయాలో, అంటే మందుతోపాటు తిండీ పెట్టే హోటల్లో కూడా అడగకుండా చిన్న గిన్నెలో ఏదో పెట్టి మూడు నాలుగు వందల యెన్లు వేస్తారు. అది ‘ఓతోషి’, ఆనవాయితీ. దాని మీద గొడవ పడొద్దని కూడా చెప్పండి.

6. మొహమాటం

ఆఫీసు పార్టీలో గ్లాసు ఖాళీ అయితే పక్కవాడు నింపుతాడు. అది అక్కడి మర్యాద. మన మొహమాటం దానికి తోడైతే ఇక ఆగదు. వద్దనుకుంటే గ్లాసు నిండుగా ఉంచాలి. ‘నొమిమాసెన్’ అంటే తాగను అని, కాస్త కటువుగా వినిపిస్తుంది. ‘నొమెమాసెన్’ అంటే తాగలేను అని, ఎవరూ తప్పుపట్టరు. ‘దోక్తా సుతొప్పు’ అంటే డాక్టరు వద్దన్నారని, ఆ మాటతో బలవంతం ఆగిపోతుంది. ‘జితెన్షా దే కిమాషిత’, సైకిల్ మీద వచ్చాను అన్నా చాలు. పైన చెప్పిన చట్టం వల్ల పోసేవాడే చేయి వెనక్కి తీసుకుంటాడు. ఊరోంచా అనే టీ గ్లాసు చేతిలో ఉంటే అది మందో టీయో దూరం నుంచి తెలియదు.

తాగే వయసు 20. 2022 ఏప్రిల్ నుంచి మేజర్ అయ్యే వయసును 18కి తగ్గించినా మందు వయసును కదపలేదు. ఇంటర్ కాగానే వెళ్లే పిల్లలకు ఇది విడిగా చెప్పాలి. వీధిలో తాగడాన్ని దేశమంతటా నిషేధించే చట్టం లేదు గానీ, టోక్యోలోని షిబుయా స్టేషన్ చుట్టుపక్కల 2024 అక్టోబర్ నుంచి సాయంత్రం 6 నుంచి ఉదయం 5 దాకా ఏడాది పొడవునా నిషేధం ఉంది.

7. ఆడపిల్లలకు, మగపిల్లలకు కలిపి

2023 జులై 13 నుంచి జపాన్ చట్టం మారింది. మద్యం ప్రభావం వల్ల వద్దని చెప్పలేని స్థితిలో ఉన్న వ్యక్తితో లైంగిక చర్య నేరమని స్పష్టంగా రాశారు. ‘తను కాదనలేదు’ అన్నది సమాధానం కాదు. ఈ మాట ఆడపిల్లలకు హక్కుగా, మగపిల్లలకు హద్దుగా ఒకే గదిలో చెప్పండి. ఏదైనా జరిగితే #8103 పోలీసుల లైంగిక నేరాల విభాగానికి, #8891 సహాయ కేంద్రానికి వెళుతుంది. రైళ్లలో ఆడవాళ్ల పెట్టెలు ఎక్కువగా ఉదయం రద్దీవేళకే పరిమితం. రాత్రి చివరి రైళ్లలో దాన్ని నమ్ముకోవద్దు. కండక్టరు ఉండే చివరి పెట్టె మేలు.

8. కౌంటర్ వెనక నిలబడేవాళ్లు

విద్యార్థులు వారానికి 28 గంటలు పని చేసుకోవచ్చు. రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా 25 శాతం ఎక్కువ కూలి కాబట్టి చాలామంది ఆ షిఫ్టే అడుగుతారు. తాగిన కస్టమర్లు ఎక్కువగా వచ్చేదీ ఆ వేళకే. కౌంటర్ దాటి వెళ్లి తాగినవాడి చేయి పట్టుకోవద్దు, రెండో అంశంలో చెప్పిన కేసు మన పిల్లవాడి మీదే పడొచ్చు. బల్ల ఇవతలే ఉండి, మేనేజరుకు, తర్వాత 110కి ఫోన్ చేయాలి. కౌంటర్ కింద అలారం బొత్తం ఎక్కడుందో మొదటి రోజే అడగాలి. కస్టమర్ల వేధింపులను వద్దనే నిబంధన టోక్యోలో 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దానికి శిక్షలు లేవు. అయినా దాన్ని చూపించి మేనేజరును అడిగే వీలుంది. 20 నిండనివాళ్లకు మందు అమ్మితే 5 లక్షల యెన్ల దాకా జరిమానా. స్క్రీన్ మీద కస్టమర్ ‘20 నిండాయి’ అన్న బొత్తం నొక్కాడు కదా అని వదిలేయకుండా అనుమానం వస్తే వయసు తెలిపే కార్డు అడగాలి.

9. స్పృహ తప్పిన స్నేహితుడు

విపరీతంగా తాగి స్పృహ కోల్పోయి అంబులెన్సులో వెళ్లేవాళ్లు ఒక్క టోక్యోలోనే 2019లో 18 వేలు దాటారు. పిలిచినా గిల్లినా పలకకపోవడం, ఒళ్లు చల్లబడటం, పెదాలు నీలంగా మారడం, ఊపిరి నిమిషానికి పదికంటే తగ్గడం, వీటిలో ఏది కనిపించినా అంబులెన్సు నంబరు 119కి ఫోన్ చేయాలి. ‘క్యూక్యూ దెస్. ఓసాకే ఓ నోందె, ఇషికి గా అరిమాసెన్’ (అంబులెన్సు కావాలి. మందు తాగి స్పృహలో లేరు) అనే రెండు వాక్యాలు బట్టీ పట్టించండి. అంబులెన్సుకు డబ్బు తీసుకోరు. పిలవాలా వద్దా తెలియకపోతే టోక్యోతోపాటు చాలా ప్రాంతాల్లో #7119 ఉంది.

అంబులెన్సు వచ్చేలోపు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పై మోకాలు మడిచి ముందుకు, పై చేయి చెంప కింద, తల కొద్దిగా వెనక్కి. వెల్లకిలా పడుకోబెడితే వాంతి గొంతులో అడ్డం పడి ప్రాణం పోవచ్చు. కక్కించడానికి నోట్లో వేళ్లు పెట్టొద్దు. ‘పడుకుంటే సర్దుకుంటాడు’ అని తలుపేసి వెళ్లిపోవద్దు. కడుపులోది ఇంకా రక్తంలోకి దిగుతూనే ఉంటుంది, గంట తర్వాత ఇప్పటికంటే అన్యాయంగా ఉండొచ్చు.

ఆస్పత్రి ఖర్చులో ఇంకో మెలిక. మామూలుగా ఆరోగ్య బీమా ఉన్నవాడు 30 శాతం కడితే చాలు. కానీ కొట్లాటలోనో, ఒళ్లు తెలియని తాగుడు వల్లనో తెచ్చుకున్న గాయానికి, జబ్బుకు బీమా సొమ్ము కొంతైనా పూర్తిగానైనా ఆపొచ్చని చట్టంలోనే ఉంది.

ఇప్పుడు మేం అడుగుతున్నవి:

ఒకటి, ప్రయాణానికి ముందు శిక్షణలో ఈ అంశానికి రెండు గంటలు, తెలుగులో. జపనీస్ పాఠంలో కలిపేస్తే పిల్లలు వ్యాకరణం రాసుకుంటారు, విషయం రాసుకోరు.

రెండు, 110, 119, #7119, #8103, #8891 నంబర్లు, రాయబార కార్యాలయం అత్యవసర నంబరు, పైన ఇచ్చిన వాక్యాలు తెలుగు లిపిలో ముద్రించిన కార్డు ప్రతి ఒక్కరి చేతికీ ఇవ్వండి. ఫోన్లో పంపామంటే కాదు. ఫోన్ పోయిన రాత్రే అది కావాల్సొస్తుంది.

మూడు, జపాన్ వేళల్లో శుక్ర, శని రాత్రుళ్లు ఫోన్ ఎత్తే మనిషి ఒకరిని పెట్టండి. అక్కడ అర్ధరాత్రి అంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర, పెద్ద కష్టమేమీ కాదు.

నాలుగు, ఇది అన్నిటికంటే ముఖ్యం. ‘తాగినట్టు తెలిస్తే వెనక్కి పిలిపిస్తాం, డిపాజిట్ పోతుంది’ అని మీలో కొందరు కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నారు. దానివల్ల ఎవడూ తాగడం మానలేదు. స్నేహితుడు కింద పడి ఉంటే 119కి ఫోన్ చేయడం మానేస్తున్నారు. ఆ షరతు తీసేయండి. అంబులెన్సును, పోలీసును పిలిచినందుకు ఎవరి మీదా చర్య ఉండదని రాతపూర్వకంగా ఇవ్వండి.

ఐదు, పిల్లల్ని తీసుకునే కంపెనీతో మాట్లాడేటప్పుడు రాత్రి షిఫ్టులో ఇద్దరుంటారా, తాగిన కస్టమర్ చేయి చేసుకుంటే కంపెనీ ఏం చేస్తుంది, పార్టీల్లో తాగమని బలవంతం చేస్తే ఎవరికి చెప్పాలి అన్న మూడింటికి జవాబు తీసుకుని పిల్లలకు చెప్పండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఫీజు కట్టే ముందు ఈ ఐదూ ఉన్నాయా అని అడగండి.

తర్వాతి బ్యాచ్‌కి టికెట్లు బుక్ చేసేలోపు మీ జవాబు కోసం చూస్తాం. పాఠం తయారు చేయడానికి సమయం లేదంటే పైన రాసింది యథాతథంగా వాడుకోండి, మా పేరు పెట్టనక్కర్లేదు. జరిమానాలు, నంబర్లు మారుతుంటాయి కాబట్టి ప్రతి బ్యాచ్‌కి ముందు ఒకసారి సరిచూసుకోండి.

ఇట్లు,
జపాన్‌లో ఉంటున్న కొందరు తెలుగువాళ్లం